నర్సింగ్‌లో ఏ కోర్సు? అసోసియేట్ డిగ్రీ గురించి అడుగుతున్నవాళ్ల కోసం

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ మొదలయ్యేదాకా నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో వస్తాయి. అమ్మాయిని నర్సింగ్‌లో వేద్దామనుకుంటున్నాం, ఏ కోర్సు మంచిది అని. ఇదివరకు ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫరీ), జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ), బీఎస్సీ అని మూడు పేర్లే అడిగేవాళ్లు. ఈమధ్య విజయవాడలో కన్సల్టెన్సీల బోర్డులు చూసి, యూట్యూబ్ చూసి, అమెరికాలో ఉన్న చుట్టాల మాట విని నాలుగో పేరు కూడా తెస్తున్నారు, అసోసియేట్ డిగ్రీ. "రెండేళ్లేనంట కదమ్మా, ఇక్కడ నాలుగేళ్లు బీఎస్సీ చదివేకంటే అదే నయం కదా, చదువైపోగానే అక్కడే ఉద్యోగమంట" అని మొన్న మా వీధిలో ఒక పెద్దాయన అడిగారు. ఆయన పొలం అమ్మి పంపడానికి కూడా సిద్ధంగా ఉన్నారు. ఆయనకి నిలబడి చెప్పినంతలో సగం కూడా చెప్పలేకపోయాను, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను గుంటూరులో జీఎన్‌ఎం చేసి, కొన్నేళ్లు వార్డుల్లో డ్యూటీ చేసి, ఆ తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే డిప్లొమా మీద చేసే డిగ్రీ, చేసినదాన్ని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్సు ఎన్నేళ్లు, ఎక్కడ అన్నవి తర్వాత సంగతులు. చదువు అయ్యాక నర్సింగ్ కౌన్సిల్ నుంచి చేతికి వచ్చే రిజిస్ట్రేషన్ ఏది, దాని మీద నుంచి పై చదువుకి దారి ఉందా లేదా, ఈ రెండే ముందు చూడాలి. ఈ రెండూ చూడకుండా ఏళ్లు తక్కువని చేరినవాళ్లు తర్వాత ఎంత బాధపడతారో నేను దగ్గరగా చూశాను, ఇంకొకరు అలా పడకూడదనే ఇదంతా.

మన దగ్గర ఉన్నవాటితో మొదలుపెడతాను. ఏఎన్‌ఎం రెండేళ్ల కోర్సు, ఇంటర్ ఏ గ్రూపు వాళ్లయినా చేరొచ్చు, అమ్మాయిలకు మాత్రమే. ఇంటర్‌లోనే ఒకేషనల్‌గా ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్) అని ఇంకొకటి ఉంది, అదీ ఈ కోవలోదే. టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటికీ తిరిగి చేసే ఆరోగ్య సర్వేలు, సబ్ సెంటర్ పని, ఇది ఏఎన్‌ఎం ప్రపంచం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్‌ఎం గ్రేడ్ 3 పోస్టులు పెద్ద ఎత్తున తీశారు, అప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది అమ్మాయిలు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. అందుకే ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు రెండేళ్లలో గవర్నమెంట్ ఉద్యోగం అనుకుని ఇందులో వేస్తున్నారు. కానీ ఆ పోస్టులన్నీ ఒక్కసారిగా వచ్చాయి, ఏటా అలా రావు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏఎన్‌ఎం చదివితే వచ్చే రిజిస్ట్రేషన్ వేరు, అది స్టాఫ్ నర్సు రిజిస్ట్రేషన్ కాదు. ప్రైవేటు ఆసుపత్రిలో జీఎన్‌ఎం సిస్టర్ పక్కనే నిలబడి అదే నైట్ డ్యూటీ చేస్తూ ఉండొచ్చు, కాగితం మీద మాత్రం ఆ హోదా ఉండదు, జీతం పెరిగే చోట, బయటి దేశాలకు వెళ్లే చోట ఆ తేడా గోడలా అడ్డొస్తుంది. ఊళ్లోనే ఉండి పనిచేయాలి, ప్రజారోగ్యం అంటే ఇష్టం అనే అమ్మాయికి ఏఎన్‌ఎం చక్కటి చదువు, ఆ పని చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం, కరోనా రోజుల్లో వాళ్లు పడ్డ కష్టం ఎవరూ మర్చిపోలేరు. ఐసీయూలో పనిచేయాలి, గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లాలి అనుకునే అమ్మాయిని మాత్రం అందులో వేయొద్దు.

జీఎన్‌ఎం ఇప్పుడు మూడేళ్లు, మా అప్పుడు మూడున్నరేళ్లు ఉండేది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, 40 శాతం మార్కులు, ఇంగ్లిష్ పాసై ఉండాలి. అబ్బాయిలు కూడా చేరొచ్చు. యూనివర్సిటీ డిగ్రీ కాదు, డిప్లొమా. కానీ పాసై కౌన్సిల్‌లో నమోదు చేసుకుంటే రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. బీఎస్సీ వాళ్లకి వచ్చేది కూడా ఇదే. వార్డులో ఇద్దరికీ ఒకటే డ్యూటీ, ఇద్దరూ స్టాఫ్ నర్సులే. ఇది చాలామంది నమ్మరు, "డిప్లొమా కదా, తక్కువ కదా" అంటారు. ఇంటర్‌లో సీఈసీ చదివిన అమ్మాయికి కూడా రిజిస్టర్డ్ నర్సు అయ్యే దారి ఉంది అంటే అది జీఎన్‌ఎం వల్లే, ఆ తలుపు మూసుకుపోకూడదని నా కోరిక. జీఎన్‌ఎం ఎత్తేస్తారని కొన్నేళ్ల క్రితం గట్టిగా వినపడింది, అయినా నడుస్తూనే ఉంది.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, ఇంగ్లిష్ ఉండాలి, సైన్స్ సబ్జెక్టులు కలిపి 45 శాతం రావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి కొంత సడలింపు ఉంటుంది. కన్వీనర్ కోటా సీట్లు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ ద్వారా నింపుతారు. బైపీసీ చదివి, మంచి సీటు వచ్చే అవకాశం ఉండి, ఇంట్లో నాలుగేళ్లు ఆగగలిగితే ఇంకో ఆలోచన వద్దు, బీఎస్సీనే చదవండి. జీఎన్‌ఎం అయ్యాక రెండేళ్లు పోస్ట్ బేసిక్ చేస్తే అదే డిగ్రీ స్థాయికి వస్తారు, అక్కడి నుంచి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, పాఠాలు చెప్పే ఉద్యోగాలకు వెళ్లొచ్చు. అయితే లెక్క చూసుకోండి, మూడు, రెండు కలిపి అయిదేళ్లు, బీఎస్సీ అయితే నాలుగు. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, కాకపోతే మూడేళ్లకే జీతం మొదలవుతుంది, తమ్ముడి ఫీజు కట్టాల్సిన ఇంట్లో ఆ ఒక్క విషయమే అన్నీ నిర్ణయిస్తుంది. మా ఇంట్లో అదే నిర్ణయించింది.

ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో చెప్పడానికి మన మంగళగిరి ఎయిమ్స్ చాలు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్సెట్ అని దేశమంతటికీ ఒకటే పరీక్ష. బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్ ఉంటే చదువు పూర్తయి రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం ఉంటే యాభై పడకలకు తక్కువ కాని ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కూడా చూపించాలి. పోస్టు ఒకటే, మూల వేతనం 44,900 ఒకటే, లోపలికి వెళ్లే తలుపు దగ్గర మాత్రం రెండేళ్లు తేడా. కాబట్టి జీఎన్‌ఎం అమ్మాయిలూ, మొదటి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు జీతం వెయ్యి, రెండు వేలు ఎక్కువిస్తున్నారని ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌లో చేరకండి. యాభై దాటిన ఆసుపత్రిలో చేరండి, చేరిన రోజు నుంచి అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు దాచుకోండి. అనుభవ పత్రం మీద పడకల సంఖ్య రాయించుకోండి. మన రాష్ట్రంలో పల్లె క్లినిక్‌లలో పెట్టిన ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకి కూడా బీఎస్సీ అర్హతే అడిగారు, మిలిటరీ నర్సింగ్ ఆఫీసర్ అవ్వాలన్నా డిగ్రీయే కావాలి. జీఎన్‌ఎం దగ్గరే ఆగిపోకండి అని నేను ప్రతి ఒక్కరికీ పోరు పెట్టేది ఇందుకే.

ఇక అసోసియేట్ డిగ్రీ. ఇది మన దేశంలో లేని చదువు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు అని ఉంటాయి, ఆ చుట్టుపక్కల జనం తక్కువ ఫీజుతో చదువుకునే కాలేజీలు, వాటిలో చెప్పే రెండేళ్ల డిగ్రీ ఇది. నర్సింగ్‌లోకి ఇది ఎలా వచ్చిందంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ నర్సులకి బాగా కొరత వచ్చింది. అప్పటిదాకా ఎక్కువమంది ఆసుపత్రుల్లోనే ఉండి మూడేళ్ల డిప్లొమా చేసేవాళ్లు, అంటే మన జీఎన్‌ఎం లాంటిదే. మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ అధ్యాపకురాలు 1951లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో రాసిన పరిశోధనలో, నర్సింగ్ చదువుని ఆసుపత్రి నుంచి కాలేజీకి తేవచ్చు, రెండేళ్లలో మంచి నర్సుని తయారు చేయొచ్చు అని ప్రతిపాదించింది. 1952లో కొన్ని కాలేజీల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. డిగ్రీ చదివిన నర్సు చేతి కింద పనిచేసే సాంకేతిక నర్సుగా ఆవిడ వీళ్లను ఊహించింది. కానీ చదివినవాళ్లు రిజిస్టర్డ్ నర్సు పరీక్ష రాసి పాసయ్యారు, అదే లైసెన్సు తీసుకున్నారు, ఇవాళ్టికీ అలాగే నడుస్తోంది.

దీంట్లోనే మూడు రకాల పేర్లు కనిపిస్తాయి, కన్సల్టెన్సీ వాళ్లు ఒక్కోదానికీ ఒక్కో ధర చెప్పి తికమక పెట్టేది ఇక్కడే. అసోసియేట్ డిగ్రీ ఇన్ నర్సింగ్, ఏడీఎన్ అంటారు. అసోసియేట్ ఆఫ్ సైన్స్ ఇన్ నర్సింగ్, ఏఎస్ఎన్. అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్, ఏఏఎస్. ఏడీఎన్ అన్నది మామూలుగా మొత్తం కోవకి వాడే పేరు, కొన్ని కాలేజీలు డిగ్రీ పట్టా మీద కూడా అదే వేస్తాయి. ఈ మూడింటిలో ఏది చదివినా, ఆ కాలేజీకి ఆ స్టేట్ నర్సింగ్ బోర్డు అనుమతి ఉంటే, రాసే పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ (అక్కడి రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పరీక్ష) ఒక్కటే, వచ్చే లైసెన్సు ఒక్కటే. విజయవాడ నుంచి మంగళగిరి మీదుగా వచ్చినా తెనాలి మీదుగా వచ్చినా దిగేది గుంటూరు స్టేషన్‌లోనే కదా, అంతే.

మరి తేడా ఎక్కడంటే, ఆ తర్వాత చదువులో. ఏఎస్ఎన్ లో ఇంగ్లిష్, సైకాలజీ, గణితం, సైన్స్ లాంటి మామూలు కాలేజీ సబ్జెక్టుల భాగం ఎక్కువ ఉంటుంది, అవి నాలుగేళ్ల యూనివర్సిటీలు తేలిగ్గా లెక్కలోకి తీసుకుంటాయి. ఏఏఎస్ ఉద్యోగం మీద దృష్టి పెట్టి తయారు చేసిన డిగ్రీ, అందులో కొన్ని క్రెడిట్లు తర్వాత యూనివర్సిటీ ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు మళ్లీ చదివి మళ్లీ ఫీజు కట్టాలి. అయితే పేరుని బట్టి ఖచ్చితంగా చెప్పలేం. ఒక స్టేట్‌లో ఏఏఎస్ చదివినవాళ్లని పక్కనున్న యూనివర్సిటీ ఒప్పందం ప్రకారం మొత్తం క్రెడిట్లతో తీసుకుంటుంది, ఇంకో చోట ఏఎస్ఎన్ వాళ్లకి కూడా రెండు మూడు సబ్జెక్టులు మిగిలిపోతాయి. అందుకే చేరే ముందే, తర్వాత బీఎస్‌ఎన్, అంటే అక్కడి నర్సింగ్ బ్యాచిలర్స్ డిగ్రీ, ఎక్కడ చేస్తానో ఆ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, ఈ కాలేజీ నుంచి ఏ సబ్జెక్టులు తీసుకుంటారో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అది ఒక్కటి చేస్తే ఏ పేరున్న డిగ్రీ అన్న బెంగ ఉండదు.

"తర్వాత బీఎస్‌ఎన్ ఎందుకు, లైసెన్సు వచ్చేసింది కదా" అంటారు. అక్కడ కూడా గాలి డిగ్రీ వైపే వీస్తోంది. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో ఇచ్చిన నివేదికలో 2020కల్లా నూటికి ఎనభై మంది నర్సులకి బ్యాచిలర్స్ ఉండాలని సిఫారసు చేసింది. న్యూయార్క్ 2017లో చట్టమే చేసింది, అక్కడ కొత్తగా రిజిస్టర్డ్ నర్సు అయినవాళ్లు పదేళ్లలోపు బ్యాచిలర్స్ పూర్తి చేయాలి. పెద్ద ఆసుపత్రులు, ముఖ్యంగా నర్సింగ్ సేవలు బాగున్నవాటికి ఇచ్చే మాగ్నెట్ గుర్తింపు ఉన్నవి, ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు బీఎస్‌ఎన్ వాళ్లకే మొగ్గు చూపుతాయి. దీని వెనక లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం ఉంది, సర్జరీ పేషెంట్ల దగ్గర డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం పెరిగిన చోట మరణాల అవకాశం అయిదు శాతం తక్కువగా ఉందని అందులో తేలింది. డిప్లొమాతో ఏళ్లతరబడి పనిచేసిన నాకు ఇది చదివినప్పుడు మనసు కొంచెం చివుక్కుమన్నమాట నిజం, కానీ పోస్ట్ బేసిక్ చదివాక పేషెంట్‌ని చూసే చూపులో మార్పు వచ్చిందని కూడా నాకు తెలుసు. అంతకుముందు డాక్టరు రాసింది తప్పకుండా చేసేదాన్ని. తర్వాత, ఈ మనిషికి సాయంత్రానికి ఏం కావచ్చు అని ముందే ఆలోచించడం అలవాటైంది.

సరే, ఇప్పుడు పొలం అమ్మే ఆ పెద్దాయన ప్రశ్నకి వస్తాను. మన గుంటూరులో ఇంటర్ పాసైన అమ్మాయి స్టూడెంట్ వీసా మీద వెళ్లి అసోసియేట్ డిగ్రీ చదవడం మంచిదా? నా ఉద్దేశంలో కాదు, కారణాలు చెబుతాను.

రెండేళ్లు అన్నది నర్సింగ్ సబ్జెక్టులకి మాత్రమే. వాటిలోకి తీసుకోవడానికి ముందు అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్, సైకాలజీ లాంటివి చదివి మంచి గ్రేడ్లు తెచ్చుకోవాలి, చాలా చోట్ల టీస్ అనో హెసీ అనో ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. అంటే కాలేజీలో సీటు వచ్చినంత మాత్రాన నర్సింగ్‌లో సీటు వచ్చినట్టు కాదు. సీట్లు తక్కువ, వెయిటింగ్ లిస్టులు ఉంటాయి, కొన్ని చోట్ల స్థానికులకే ముందు ఇస్తారు. ఏజెంట్ చూపించే అడ్మిషన్ లెటర్ చాలాసార్లు కాలేజీకి సంబంధించినది, నర్సింగ్ ప్రోగ్రాంకి సంబంధించినది కాదు. ఈ ఒక్క ముక్క తెలియక అక్కడికి వెళ్లాక ఏడ్చిన పిల్లలున్నారు. ఫీజు తక్కువ అన్నది కూడా స్థానికుల మాట, బయటి దేశం వాళ్లకి చాలా చోట్ల దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

అన్నీ దాటుకుని చదువు పూర్తి చేసింది అనుకుందాం. స్టూడెంట్ వీసా మీద చదివితే తర్వాత పన్నెండు నెలలు ఓపీటీ, అంటే చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి, మీద పనిచేయొచ్చు. ఆ తర్వాత? సాఫ్ట్‌వేర్ పిల్లల్లా హెచ్1బీ అనుకుంటారు అందరూ. హెచ్1బీ అనేది బ్యాచిలర్స్ తప్పనిసరిగా కావాల్సిన ఉద్యోగాలకి. అసోసియేట్ డిగ్రీతో చేసే మామూలు వార్డు నర్సు ఉద్యోగం సాధారణంగా దాని కిందకి రాదు. నర్సులకి ఉన్న దారి ఈబీ3 గ్రీన్ కార్డు, షెడ్యూల్ ఏ అని అందులో కొంత సులువు కూడా ఉంది, అక్కడి కార్మిక శాఖ దగ్గర విడిగా సర్టిఫికేషన్ అక్కర్లేదు. కానీ సులువైంది ఆ ఒక్క కాగితమే. భారతదేశంలో పుట్టినవాళ్ల క్యూలో నిలబడటం మాత్రం తప్పదు, ఆ క్యూ ఇప్పుడు పదేళ్లు దాటి వెనకబడి ఉంది. పన్నెండు నెలల ఓపీటీకీ పదేళ్ల క్యూకీ మధ్య ఆ అమ్మాయి ఏ వీసా మీద ఉంటుందో ఏ ఏజెంటూ చెప్పడు. చెప్పమని అడగండి. పొలం కాగితాలు బయటికి తీసే ముందు ఈ ప్రశ్న అడగండి.

ఇప్పటికే జీఎన్‌ఎం గానీ బీఎస్సీ గానీ చేసినవాళ్లు అయితే అక్కడికి వెళ్లి మళ్లీ అసోసియేట్ డిగ్రీ చదవాల్సిన పని అసలే లేదు. నా జూనియర్లలో కొందరు ఇది తెలియక డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు. మన చదువుని సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (2025 నుంచి దాని పేరు ట్రూమెరిట్) లాంటి సంస్థతో మూల్యాంకనం చేయించి, మనం ఎంచుకున్న స్టేట్ బోర్డుకి దరఖాస్తు పెట్టి, నేరుగా ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. అయిదు గంటల సమయం, 85 నుంచి 150 ప్రశ్నల దాకా వస్తాయి, మన జవాబుల్ని బట్టి కంప్యూటర్ ఎక్కడ ఆపాలో నిర్ణయిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది, ఒక పేషెంట్ కేసు మొత్తం ఇచ్చి ఏం గమనించావు, ముందు ఏం చేస్తావు అని వరసగా అడుగుతారు. వార్డులో కళ్లు తెరుచుకుని డ్యూటీ చేసినవాళ్లకి ఇది మేలే. జీఎన్‌ఎం వాళ్లని చాలా స్టేట్‌లు రిజిస్టర్డ్ నర్సు పరీక్షకి అనుమతిస్తాయి, ఎందుకంటే మన సిలబస్‌లో మెడికల్, సర్జికల్, పిల్లలు, ప్రసూతి, సైకియాట్రీ అన్నీ థియరీతోనూ క్లినికల్‌తోనూ, అంటే ఆసుపత్రి పోస్టింగ్‌తోనూ, ఉంటాయి. ఏఎన్‌ఎంకి ఆ అవకాశం లేదు, మొదట్లో గోడ అన్నది ఇదే. కాలిఫోర్నియా లాంటి చోట ఇంకో మెలిక ఉంది, ఒక సబ్జెక్టు థియరీ, దాని క్లినికల్ దగ్గర దగ్గరగా ఒకే కాలంలో జరిగి ఉండాలంటారు. మొదటి ఏడాది థియరీ చెప్పి మూడో ఏడాది పోస్టింగ్ వేసిన కాలేజీల పిల్లలకి అక్కడ చిక్కొస్తుంది. స్టేట్ ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోండి. గ్రీన్ కార్డు క్యూ వీళ్లకీ ఉంది, కాకపోతే వీళ్లు ఇక్కడో గల్ఫ్‌లోనో జీతం తీసుకుంటూ ఎదురుచూడొచ్చు, అప్పు పెరగదు.

మరి అసోసియేట్ డిగ్రీ మనవాళ్లలో ఎవరికి పనికొస్తుంది? నిజంగా పనికొచ్చేవాళ్లు ఉన్నారు. పెళ్లయి భర్తతో పాటు డిపెండెంట్ వీసా మీద అమెరికా వెళ్లి, ఇంట్లో ఖాళీగా ఉంటున్న మన అమ్మాయిలు. మా బంధువుల్లో ఒక వదిన అలాగే టెక్సాస్‌లో చదివింది, ఇక్కడ బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిన మనిషి, ఇద్దరు పిల్లలతో, వంట చేస్తూ బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టుకుని ఫార్మకాలజీ బట్టీ పట్టింది. డిపెండెంట్ వీసా మీద చదువుకోవచ్చు, దానికి వేరే వీసా అక్కర్లేదు, పనిచేయాలంటే మాత్రం వర్క్ పర్మిట్ చేతికి రావాలి. ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీ, చాలా చోట్ల స్థానికుల ఫీజే పడుతుంది, స్టేట్‌ని బట్టి, కుటుంబానికి అక్కడే ఉండే హక్కు భర్త వీసా ద్వారా ఉంది. వాళ్లకి అసోసియేట్ డిగ్రీ చాలా మంచి దారి. అయితే ఇప్పటికే ఏదో ఒక బ్యాచిలర్స్ ఉన్నవాళ్లు యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ కూడా చూడాలి, పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో నేరుగా బ్యాచిలర్స్ వస్తుంది. ఫీజు చాలా ఎక్కువ, పొద్దున్నుంచి రాత్రిదాకా ఊపిరి సలపదు, చంటి పిల్లలుంటే కష్టం. మా వదిన అన్నీ ఆలోచించి అసోసియేట్ డిగ్రీయే తీసుకుంది, లైసెన్సు వచ్చాక ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో బీఎస్‌ఎన్ పూర్తి చేసింది, కొంత ఫీజు ఆసుపత్రే కట్టింది. ఆమె విషయంలో అదే సరైన నిర్ణయం అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అక్కడ కాలేజీ చూసేవాళ్లకి ఒక హెచ్చరిక. స్టేట్ బోర్డు అనుమతి తప్పనిసరి, దాంతో పాటు అక్రెడిటేషన్, అంటే చదువు నాణ్యత చూసి బయటి సంస్థలు ఇచ్చే గుర్తింపు, కూడా చూడండి. అసోసియేట్ కోర్సులకి ఏసీఈఎన్ అనే సంస్థ గుర్తింపు ఎక్కువగా కనిపిస్తుంది. సీసీఎన్‌ఈ అనే ఇంకో సంస్థ బ్యాచిలర్స్, ఆ పైవాటికే ఇస్తుంది, కాబట్టి అసోసియేట్ కోర్సుకి సీసీఎన్‌ఈ ఉందని ఎవరైనా అంటే అనుమానించండి. ప్రతి కాలేజీ పిల్లల్లో ఎంతమంది మొదటిసారే ఎన్‌క్లెక్స్ పాసయ్యారో స్టేట్ బోర్డులు ఏటా వెబ్‌సైట్‌లో పెడతాయి, అది చూడకుండా ఫీజు కట్టొద్దు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో ఆపరేషన్ నైటింగేల్ పేరుతో బయటపెట్టిన కుంభకోణంలో 7,600కి పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారని తేలింది. క్లినికల్ లేకుండా, చదువు లేకుండా పట్టాలు. అలాంటి పట్టాతో పేషెంట్ పక్కన నిలబడిన మనిషిని తలుచుకుంటే నాకు వణుకొస్తుంది.

మన దగ్గర కాలేజీ ఎంచుకునేవాళ్లకీ అంతే. గుర్తింపు ఉందా అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, మన రాష్ట్ర కౌన్సిల్ జాబితాల్లో మీరే చూసుకోండి, బోర్డు మీద రాసింది నమ్మకండి. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న, పిల్లలు క్లినికల్స్‌కి ఎక్కడికి వెళ్తారు? కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా పేషెంట్లు ఉన్నారా? ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి వార్డులు చూసి రండి. నిబంధన ప్రకారం ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలి. గుంటూరు జీజీహెచ్‌లోనో విజయవాడ జీజీహెచ్‌లోనో పోస్టింగ్ ఉన్న కాలేజీ అయితే పిల్లలు బాగా నేర్చుకుంటారు, అక్కడ నాలుగైదు జిల్లాల కేసులు వస్తాయి, చేతులకి పని దొరుకుతుంది. ఈ ఊరికి నర్సింగ్ కొత్త కాదు, 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది, కుగ్లర్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ పాత గుంటూరు వాళ్లకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో రోజుకి నలుగురు పేషెంట్లు కూడా లేని వార్డులో మూడేళ్లు నిలబెట్టి పట్టా ఇచ్చే కాలేజీలు కూడా ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది. నేను పనిచేసిన ఒక చోట కొత్తగా చేరిన అమ్మాయికి కాథెటర్ వేయడం చేతకాలేదు, పాపం తన తప్పు లేదు, చదివిన చోట ఒక్కసారి కూడా వేయనివ్వలేదట.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టమంటే, ఎప్పుడు తిరిగిస్తారో రసీదు మీద రాయించుకోండి. మధ్యలో మానేస్తే పూర్తి ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కూర్చున్న చోట్లు నేను ఎరుగుదును, నా స్నేహితురాలి చెల్లెలు అలా రెండు కౌన్సెలింగ్‌లు పోగొట్టుకుంది.

చివరగా ఒక పని, ఏ కోర్సు వాళ్లయినా, ఇప్పుడు విదేశం ఆలోచన లేకపోయినా చేయాల్సింది. సబ్జెక్టు వారీగా థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అన్నది ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ కాలేజీలో ఉండగానే తీసుకోండి. పదేళ్ల తర్వాత వెళ్తే ప్రిన్సిపాల్ మారిపోయి ఉంటారు, కొన్ని కాలేజీలు మూతపడి ఉంటాయి, మూల్యాంకనం చేసే సంస్థ మాత్రం కాలేజీ నుంచే నేరుగా పంపమంటుంది, రాష్ట్ర కౌన్సిల్ నుంచి కూడా ధ్రువీకరణ అడుగుతుంది. ఇంకా, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, నర్సింగ్ మార్కుల జాబితాలో ఒక్క అక్షరమే ఉండి, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే ప్రతి చోటా అఫిడవిట్లు, నెలల తరబడి ఆలస్యం. మన పిల్లల్లో సగం మందికి ఇదే టెన్షన్. అడ్మిషన్ ఫారం నింపే రోజున పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయండి, మొదటి ఏడాది మార్కుల జాబితా చేతికి రాగానే ఇంకోసారి సరిచూడండి, తప్పుంటే ఆ వారమే కాలేజీ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.